ధనుష్కోటికి రైలు ఎందుకు తిరిగి రాలేదు?

రామేశ్వరం వెళ్లిన తెలుగు యాత్రికులు అదే ద్వీపం కొసనున్న ధనుష్కోటి చూడకుండా తిరిగి రారు. ఇసుకలో పైకప్పులేని కమాను గోడలు కొన్ని, రైల్వే నీళ్ల ట్యాంకు మొండెం, కాస్త దూరంలో పాడుబడిన చర్చి. చర్చి గోడ దగ్గరికి వెళ్లి చూస్తే రాళ్లనిండా తేనెపట్టులా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి పగడపు రాళ్లు. కమాను గోడలున్న చోట ఒకప్పుడు రైల్వే స్టేషను ఉండేదని గైడ్లు చెబుతారు. అక్కడికి మళ్లీ రైలు వేయాలా వద్దా అన్న వాదన ఈ మధ్య తిరిగి మొదలైంది కాబట్టి, ఆ స్టేషను ఎందుకు పుట్టిందో, ఎలా పోయిందో తెలుసుకోవాలి.

1914లో పాంబన్ వంతెన పూర్తయింది. ప్రధాన భూభాగం నుంచి మీటర్‌గేజ్ రైలు సముద్రం దాటి రామేశ్వరం ద్వీపంలోకి వచ్చింది. పాంబన్ జంక్షన్ దగ్గర లైను రెండుగా చీలేది. ఒకటి పది కిలోమీటర్ల దూరంలోని రామేశ్వరానికి, రెండోది 24 కిలోమీటర్ల దూరంలోని ధనుష్కోటికి. దేవుడి దగ్గరికి పొట్టి లైను, ఓడ దగ్గరికి పొడుగు లైను అన్నమాట! రైల్వే వాళ్ల లెక్క యాత్రికుల లెక్కకు వేరు. మద్రాసు ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ ఎక్కినవారు ధనుష్కోటిలో దిగి, స్టీమరులో జలసంధి దాటి, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) తీరంలోని తలైమన్నార్‌లో కొలంబో రైలు ఎక్కేవారు. సిలోన్ తేయాకు తోటలకు వెళ్లే తమిళ కూలీలదీ ఇదే దారి. కాకపోతే వారిని ముందుగా మండపం శిబిరంలో క్వారంటైన్‌లో ఉంచేవారు. ఇసుకతిన్నె మీది పల్లెకు కస్టమ్స్ కార్యాలయం, పోస్టాఫీసు, ఆసుపత్రి వచ్చాయంటే ఈ రాకపోకల చలవే.

ఈ లైను గురించి అబ్దుల్ కలాం తన ఆత్మకథలో ఒక చిన్న సంగతి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. రామేశ్వరానికీ ధనుష్కోటికీ మధ్య, కదులుతున్న రైల్లోంచి పత్రికల కట్టలు విసిరేసేవారు. పత్రికలు పంచే బంధువుకు సాయంగా ఆ కట్టలు అందుకోవడం చిన్నారి కలాం పని. తన మొదటి సంపాదన అదేనని రాసుకున్నారు.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ద్వీపాన్ని తాకింది. 653 నంబరు ప్యాసింజరు పాంబన్‌లో బయల్దేరేసరికి అర్ధరాత్రి కావస్తోంది. ధనుష్కోటి మరికొంత దూరంలో ఉందనగా సిగ్నల్ పడలేదు. డ్రైవరు రైలు ఆపాడు, కూత వేసి చూశాడు, చివరికి చీకట్లోనే ముందుకు పోనిచ్చాడు. ఇంతలో ఉప్పెన వచ్చింది. రైల్లో ప్రయాణికులు 110 మంది, సిబ్బంది అయిదుగురు అని లెక్క చెబుతారు. టిక్కెట్టు లేనివారు ఇంకెందరో. తుఫానుకు మొత్తం మృతులు సుమారు 1,800 అని అంచనా. దివిసీమను ఎరిగినవారికి ఉప్పెన అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లోనే రామేశ్వర యాత్రకు వచ్చిన సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు కూడా ద్వీపంలో చిక్కుకుపోయారు.

అసలు ప్రశ్న ఇక్కడే వస్తుంది. అదే తుఫాను పాంబన్ వంతెన గిర్డర్లను కూడా చాలావరకు కొట్టుకుపోయేలా చేసింది. ఆరు నెలలు పడుతుందనుకున్న మరమ్మతును యువ ఇంజనీరు ఇ.శ్రీధరన్ 46 రోజుల్లో ముగించారు. సముద్రం మీది వంతెనను అంత త్వరగా నిలబెట్టిన రైల్వే, ఇసుక మీది లైను జోలికి పోలేదు. ధనుష్కోటి నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించడం ఒక కారణం. అదొక్కటే అని నేననుకోను. తుఫాను రావడానికి ఇంకా రెండు నెలలు కూడా లేదనగా, అక్టోబరు 30న, సిలోన్ ప్రధాని సిరిమావోకూ మన ప్రధాని శాస్త్రికీ మధ్య ఒప్పందం కుదిరింది. సిలోన్‌లోని భారత సంతతి వారిలో 5,25,000 మందిని వెనక్కి తీసుకోవడానికి మన దేశం ఒప్పుకుంది. కూలీలను అటు చేరవేయడానికి పుట్టిన దారి, వారి మనుమలను ఇటు దించే దారి కాబోతోంది. ఆ పనికి రామేశ్వరం రేవు సరిపోయింది. తలైమన్నార్ ఓడలు అక్కడి నుంచే నడిచాయి. 1980లలో శ్రీలంక అంతర్యుద్ధంతో అవీ ఆగిపోయాయి.

ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇసుకలో జీపులు, వ్యాన్లు, గుడిసెల్లో మత్స్యకారులు, అంతే. 2017లో ధనుష్కోటి చివరి కొస అయిన అరిచల్‌మునై దాకా తారురోడ్డు పడ్డాక జనం పోటెత్తారు. 2019 మార్చిలో రామేశ్వరం-ధనుష్కోటి బ్రాడ్‌గేజ్ లైనుకు ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. 17.2 కిలోమీటర్లు, అంచనా సుమారు 208 కోట్ల రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం సుముఖంగా లేకపోవడంతో అది కాగితం దాటలేదు. పైగా 2025 జూన్‌లో ధనుష్కోటిలో 500 హెక్టార్లకు పైగా ప్రాంతాన్ని తమిళనాడు ఫ్లెమింగోల అభయారణ్యంగా ప్రకటించింది. మన పులికాట్‌కు వచ్చే పక్షులే అవి. చుట్టూ ఉన్నది మన్నార్ సింధుశాఖ, పగడపు దిబ్బలు. ఈ నేల మీద కొత్తగా కట్టపోసి పట్టాలు వేస్తే, మరో ఉప్పెనకు అవి నిలుస్తాయని హామీ ఇవ్వగలిగేవారు ఎవరు?

అదే ఏడాది ఏప్రిల్‌లో పాంబన్ కొత్త వంతెన మీదుగా రైళ్లు మొదలయ్యాయి. అవి రామేశ్వరంతో సరి. ధనుష్కోటి చూడాలనుకున్నవారు అక్కడ దిగి బస్సో ఆటోనో ఎక్కుతున్నారు.