తలుపు తట్టే దయ్యాలు, తలుపు విరగ్గొట్టే దయ్యాలు

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ, బుజ్జీ,

మీరు రైలెక్కి నాలుగు రోజులైంది. ఇంట్లో ఏమీ తోచడం లేదు. బాత్రూమ్ స్విచ్ మీద బుజ్జిగాడు అంటించిన "ఆపవద్దు" కాగితం ఇంకా అలాగే ఉంది. దుప్పటి ముసుగేసుకుని ఆ జాంబీల (చచ్చి లేచి తిరిగే శవాల) సిరీస్ చూడడమెందుకు, తర్వాత తెల్లవార్లూ లైటు వేసుకుని పడుకోవడమెందుకు అని కోప్పడితే, "భయమేస్తుంది కాబట్టే చూస్తాం అమ్మమ్మా" అన్నావు చిట్టీ. అంతటితో ఊరుకోకుండా "మీ కాలంలో ఇవన్నీ లేవు, నీకు అర్థం కాదులే" అని కూడా అన్నావు. ఆ రెండో మాటకే ఈ ఉత్తరం.

లేకేం! మీ అమ్మ మూడో తరగతో నాలుగో తరగతో చదివే రోజుల్లో, 1990ల్లో, ఈ బెంగళూరులోనే ఒక దయ్యం తిరిగింది. అప్పుడు మేం శ్రీరాంపురంలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. ఎనిమిది కాపురాలు, ఒకటే కొళాయి. రాత్రిపూట ఆడదయ్యం వచ్చి తలుపు తడుతుందనీ, మన ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందనీ, తలుపు తీస్తే ఇక అంతే సంగతులనీ ఊరంతా పుకారు. విరుగుడేమిటంటే, తలుపు మీద "నాళె బా" అని రాయడం. రేపు రా అని అర్థం. దయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుంది, మర్నాడొచ్చి మళ్ళీ అదే చదువుకుంటుంది. మన తెలుగు ఊళ్ళలో "ఓ స్త్రీ రేపు రా" అని గోడల మీద రాసిందీ ఇలాంటిదానికే. నాకు కన్నడం మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. తెలుగులో రాస్తే బెంగళూరు దయ్యానికి చదవడం వస్తుందో రాదోనని ఓనరమ్మ చేత సుద్దముక్కతో కన్నడంలోనే రాయించుకున్నాను.

సరిగ్గా ఆ వారం మీ తాతయ్యకు సెకండ్ షిఫ్ట్. రాత్రి పన్నెండు దాటాక తలుపు చప్పుడైంది. "నేనేనే, తలుపు తియ్యి" అన్నారు. దయ్యమైనా అదే అంటుంది కదా! మీ అమ్మ నా కొంగు గట్టిగా పట్టుకుంది. రెండోసారి, మూడోసారి కొట్టారు. పలకకూడదన్న సంగతే మర్చిపోయి, "ఇవాళ క్యారియర్‌లో ఏం కూర పెట్టాను?" అని లోపల్నించి అడిగాను. "ఉప్పు వెయ్యని సొరకాయ కూర! తీస్తావా, తియ్యవా?" అని అరిచారు. వఠారమంతా లేచి కూర్చుంది.

నిజంగా నమ్మావా అని మీరు అడుగుతారు. పగలు నమ్మలేదు.

ఈ తలుపు సంగతి ఎందుకు చెప్పానంటే, రక్తం తాగే మీ డ్రాక్యులాకూ ఇదే నియమం. బ్రామ్ స్టోకర్ అనే ఐర్లండ్ ఆయన 1897లో రాసిన నవలలో, ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు రమ్మంటే తప్ప మొదటిసారి ఆ పిశాచం గడప దాటలేదు. ఎండ తగిలితే చచ్చిపోతుంది అని బుజ్జి నాకు పాఠం చెప్పాడు చూడండి, అది మాత్రం నవలలో లేదు. అందులో డ్రాక్యులా పట్టపగలు లండన్‌లో తిరుగుతాడు. ఎండకు మాయమైపోవడం 1922లో వచ్చిన ఒక జర్మన్ మూకీ సినిమాతో మొదలైంది. మా అనుమతి లేకుండా కథ వాడుకున్నారని స్టోకర్ భార్య కోర్టుకెక్కితే, కాపీలన్నీ నాశనం చెయ్యమని తీర్పు వచ్చింది. ఎలాగో కొన్ని మిగిలిపోయాయి. లోకం నుంచి తుడిచెయ్యమన్న సినిమా పెట్టిన రూల్‌ని ఇవాళ మీరంతా పాటిస్తున్నారన్నమాట.

చచ్చినవాళ్ళు లేచొచ్చి రక్తం తాగుతారన్నది నవలలకు ముందు జనం నిజంగా నమ్మిన సంగతి. 1700ల్లో తూర్పు యూరప్ పల్లెల్లో వరసగా చావులు వస్తే, మొదట పోయినవాడే లేచొచ్చి తక్కినవాళ్ళ రక్తం తాగుతున్నాడని సమాధి తవ్వేవాళ్ళు. తీరా చూస్తే శవం ఉబ్బి ఉండేది, పెదాల దగ్గర నెత్తురు కనిపించేది, గోళ్ళు పెరిగినట్టు ఉండేవి. శవం కుళ్ళేటప్పుడు లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది, చర్మం వెనక్కి లాక్కుపోయి గోళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. అది వాళ్ళకెవరు చెబుతారు? చివరికి 1755లో ఆస్ట్రియా రాణి మరియా థెరీసా తన వైద్యుడి చేత విచారణ చేయించి, ఇలా సమాధులు తవ్వడాన్ని నిషేధించింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది అమెరికాలో జరిగిన కథ. 1892లో రోడ్ ఐలండ్‌లో మెర్సీ బ్రౌన్ అనే పందొమ్మిదేళ్ళ పిల్ల క్షయతో పోయింది. అంతకుముందే తల్లీ, అక్కా అదే జబ్బుతో పోయారు. అన్న మంచం పట్టాడు. ఇరుగుపొరుగువాళ్ళు తండ్రిని ఒప్పించి శవపేటికలు తెరిపించారు. గడ్డకట్టే చలికాలంలో పోయిన పిల్ల, శరీరం చెడలేదు. ఇంకేం, రక్తం తాగేది ఇదే అని గుండె తీసి కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి అన్న చేత తాగించారు. రెండు నెలల్లోపే వాడూ పోయాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని జర్మనీలో రాబర్ట్ కాక్ కనిపెట్టి అప్పటికే పదేళ్ళు. ఆ కబురు ఆ ఊరి శ్మశానం దాకా నడిచి రాలేదు.

మన బేతాళుణ్ణి కూడా ఈ జాబితాలోకి లాగారు తెలుసా? రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లిష్ ఆయన 1870లో విక్రమార్కుడి కథల్ని తనకు నచ్చినట్టు తిరగరాసి, బేతాళుణ్ణి వాంపైర్, అంటే రక్తపిశాచం, చేసేశాడు. మన బేతాళుడు ఏనాడు ఎవరి రక్తం తాగాడు? శవంలో దూరి రాజు భుజమ్మీద కూర్చుని శుభ్రంగా కథ చెబుతాడు, ప్రశ్న అడుగుతాడు, మౌనం వీడగానే చెట్టెక్కుతాడు. మద్రాసు నుంచి వచ్చే చందమామ కోసం కాచుక్కూర్చున్న పిల్లల్లో ఒక్కరు కూడా ఆయనకు భయపడలేదు. ఇంకో తమాషా, ఈ బర్టన్‌ని స్టోకర్ ఎరుగును. మాట్లాడేటప్పుడు ఆయన పెదవి పైకి లేచి కోరపన్ను బాకులా మెరిసేదని స్టోకరే రాసుకున్నాడు. డ్రాక్యులా కోరలు అక్కడివేనని నేననను గానీ, ఆ ముక్క చదివినప్పుడు నవ్వొచ్చింది.

ఇక మీ జాంబీలు. వీటికి తలుపు తట్టే మర్యాద కూడా లేదు, విరగ్గొట్టుకునే వస్తాయి. కానీ పుట్టినప్పుడు ఇలా లేవు. కరీబియన్ సముద్రంలో హైతీ ఉంది. ఫ్రెంచివాళ్ళ పాలనలో ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి, చెరకు తోటల్లో ఒళ్ళు హూనమయ్యేలా చాకిరీ చేయించేవాళ్ళు. ఆ బానిసలే తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్నారు. అక్కడివాళ్ళ నమ్మకంలో జాంబీ అంటే మంత్రగాడు సమాధిలోంచి లేపి పొలంలో పని చేయించుకునే మనిషి. ఎవర్నీ కరవదు, తినదు, తలవంచుకుని పని చేస్తుంది. చచ్చాక కూడా ఓవర్‌టైమ్! హైతీవాళ్ళు జాంబీ వస్తుందని భయపడలేదు, తాము జాంబీ అవుతామేమోనని భయపడ్డారు. చస్తేనన్నా ఈ చాకిరీ తప్పుతుందనుకున్నవాడికి అంతకన్నా పెద్ద భయం ఏముంటుంది?

జాంబీకి ఉప్పు లేని తిండే పెట్టాలట. ఒక్క ఉప్పుకల్లు నోట్లో పడితే చాలు, తానెవరో గుర్తొచ్చి, పని వదిలేసి, తిన్నగా తన సమాధికి నడిచి వెళ్ళిపోతుందట. ఇది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. రోషం లేనివాణ్ణి మనం "ఉప్పూ కారం తింటున్నావా లేదా?" అని అడుగుతాం. ఎక్కడి హైతీ, ఎక్కడి మనం! మీ తాతయ్యకు చెబితే, "నీ సొరకాయ కూరతో నన్నూ జాంబీని చెయ్యబోయావు" అన్నారు.

అమెరికా సైన్యం 1915 నుంచి 1934 దాకా హైతీలో తిష్ఠ వేసింది. ఆ రోజుల్లోనే ఈ కథలు అమెరికా పుస్తకాల్లోకి, సినిమాల్లోకి ఎక్కాయి. మనుషుల్ని తినే గుంపుగా మార్చింది మాత్రం 1968లో జార్జ్ రొమేరో తీసిన నలుపు తెలుపు సినిమా. అందులో జాంబీ అన్న మాటే వినపడదు. ఊహ తట్టింది కూడా 1954 నాటి ఒక రక్తపిశాచాల నవల చదివి. సినిమా పేరు మార్చేటప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ గుర్తు వెయ్యడం మర్చిపోయారు. అప్పటి చట్టం ప్రకారం అది అందరి సొత్తయిపోయింది. ఎవరు పడితే వాళ్ళు వేసుకున్నారు, ఎవరు పడితే వాళ్ళు అలాంటివి తీశారు. ఇన్ని జాంబీ సినిమాలకు అదొక కారణమని నా లెక్క. రాజు, కోట అక్కర్లేదు, చిరిగిన చొక్కాలు, మొహానికి రంగు, ఓ యాభైమంది ఉంటే చాలు. 2021లో ఒక తెలుగు సినిమాలో జాంబీల్ని కర్నూలుకే తీసుకొచ్చేశారు, ఫ్యాక్షన్ పగలవాళ్ళ మధ్యకి!

ఇంకో కారణం అంటువ్యాధి. కరిస్తే అంటుకుంటుంది, పక్కింటివాడే రేపు మీద పడతాడు. 2011లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, తుఫానుకు సిద్ధంగా ఉండండి అంటే ఎవరూ వినరని, జాంబీలు వస్తే ఏం చెయ్యాలో రాసింది. నీళ్ళు, మందులు, టార్చిలైటు దగ్గర పెట్టుకోమంది. జనం ఎగబడి చదివారు. 2020లో ఇక్కడ మేం పాల ప్యాకెట్లు సబ్బునీళ్ళతో కడుక్కుంటూ కూర్చున్నప్పుడు, ఎవరైనా బెల్లు కొడితే నాకు నోటి దాకా వచ్చింది "నాళె బా" అని.

కాబట్టి చిట్టీ, చూడొద్దనను. భయపడ్డం సరదాయే, చేతిలో పాజ్ బటన్ ఉన్నంతవరకు. ఈసారి దసరాకి వచ్చినప్పుడు దుప్పటి కింద కాదు, హాల్లో టీవీలో పెట్టండి, నేనూ చూస్తాను. నాకు మాత్రం నోరున్న దయ్యాలే ఇష్టం. ఒక్క ముక్క మాట్లాడని జాంబీతో గంటన్నర కూర్చోవడం కష్టం. మధ్యలో నేనేదో ఒకటి అంటూ ఉంటాను, విసుక్కోవద్దు.

బుజ్జీ, నీ కాగితం తియ్యను. లైటు వేసే ఉంచుతాను. కరెంటు బిల్లు తాతయ్య చూసుకుంటారు.

మీ అమ్మమ్మ