పెరట్లో రాతి గుర్తు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ కెనడా ఇంటి పెరట్లో ఇనుక్షుక్ అనే రాతి గుర్తు కట్టాలని ఉందని, ఎలా కట్టాలో చెప్పమని రాశారు. చాలా సంతోషం. అయితే రాళ్ళు పేర్చే ముందు, ఉత్తర ధ్రువ ప్రాంతపు మూలవాసులైన ఇన్యూట్ ప్రజలు వాటిని ఎందుకు కట్టారో తెలుసుకోండి.

కెనడా ఉత్తరాన చెట్టనేది మొలవని నేలలు ఉన్నాయి. ఎటు చూసినా ఒకేలా కనిపించే ఆ చోట, అయస్కాంత ధ్రువం దగ్గర కావడం వల్ల దిక్సూచిని కూడా నమ్ముకోలేని చోట, తరతరాలుగా ఈ రాతి గుర్తులే ప్రయాణికులకు కొండగుర్తులు. దారి ఇటు అని, చేపలు దొరికే చోటు ఇదని, మాంసం దాచింది ఇక్కడని అవి చెబుతాయి. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది కారిబూ అనే మంచునేలల దుప్పుల వేట. దూరంలో ఎడంగా మొదలై పోనుపోను దగ్గరయ్యేలా రెండు వరసల్లో గుర్తులు నిలిపి, కొన్నిటి తలలమీద గాలికి కదిలేలా మొక్కల కుచ్చులు పెట్టేవారు. ఆడవాళ్ళు, పిల్లలు వెనకనుంచి అదిలిస్తే, మంద ఆ రాళ్ళను మనుషులే అనుకుని బెదిరి, వరసల మధ్యగా వేటగాళ్ళు పొంచి ఉన్న చోటికి పరుగెత్తేది.

కాళ్ళూ చేతులూ ఉన్న మనిషి బొమ్మను మీరు ఎక్కువగా చూసి ఉంటారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ చిహ్నం అదే. దానిని ఇనున్‌గ్వాక్ అంటారు. పాత గుర్తులు చాలావరకు అలా ఉండవు: నిలబెట్టిన ఒంటి రాయి కావచ్చు, చిన్న గుట్ట కావచ్చు, అవతలి చోటు కనిపించేలా కిటికీ వదిలిన కట్టడం కావచ్చు. కెనడా ఉత్తరాన నునావుట్ ప్రాంతం 1999లో ఏర్పడినప్పుడు తన జెండా మధ్యలో ఎర్రని ఇనుక్షుక్‌ను నిలుపుకుంది.

మీరు కిటికీ ఉన్నదే కట్టండి. వాగుల్లో రాళ్ళు తీయవద్దు, వాటి కింద పురుగులు, చేపగుడ్లు బతుకుతుంటాయి. అంగడిలో బల్లపరుపు రాళ్ళు కొనండి. పచ్చికను జానెడు లోతు తవ్వి, మట్టిని గట్టిగా దిమ్మిస చేసి, అన్నిటికన్నా వెడల్పైన రాయిని మట్టంగా దించండి. దానిమీద రెండు పక్కలా సమాన ఎత్తున రాళ్ళు నిలిపి, పైన పొడుగు రాయిని దూలంలా పరిచి, దూలం రెండు కొనలమీద బరువు రాళ్ళు పెట్టండి. సిమెంటు వద్దు, బరువే బంధం. ప్రతి రాయీ కింది రాయిమీద కనీసం మూడు చోట్ల ఆనాలి; చేత్తో తోస్తే ఊగిందా, సందులో చిన్న రాతి ముక్క దూర్చండి. మోకాలి ఎత్తు దాటవద్దు. పెద్ద రాళ్ళు నాన్న ఎత్తాలి.

అడవి దారుల్లో మాత్రం ఎన్నడూ కట్టవద్దు, అక్కడ అది నడిచేవారిని దారి తప్పిస్తుంది. ఎక్కడైనా పాతది కనిపిస్తే కదపవద్దు. దానిని పడగొట్టకూడదన్నది ఇన్యూట్ పెద్దల కట్టుబాటు.

మీ కిటికీలోంచి ఏది కనిపించాలో అందరూ కూర్చుని తేల్చుకుని నాకు రాయండి. ఆ తరవాతే తవ్వడం మొదలుపెట్టండి.

ప్రేమతో,
తాతయ్య