గుడి పైసలు, సర్కారు పైసలు: ఒక ఆడిటర్ చూసిన అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఆడిటర్‌గా పనిచేస్తున్నాను. గుళ్లు, మసీదు కమిటీలు, చర్చి సొసైటీలు... అందరి లెక్కల పుస్తకాలూ నా టేబుల్ మీదికి వస్తాయి. మేడారం జాతర దగ్గరపడినా, బడ్జెట్ వచ్చినా మతానికీ సర్కారు సొమ్ముకీ ముడిపెట్టిన మెసేజ్‌లు వాట్సాప్‌లో మళ్లీ తిరగడం మొదలవుతుంది. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు. కొన్ని సగం నిజం, గొడవలు ఎక్కువగా వచ్చేది వీటితోనే. ఏ మతానికి ఎంత ఇచ్చారని అడిగే ముందు ఆ డబ్బు ఎవరిది, ఏ పద్దులో వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడగమంటాను.

అపోహ: "మా గుడి హుండీ పైసలన్నీ సర్కారే పట్టుకపోతది."

హుండీ లెక్కింపు రోజు ఒకసారి వచ్చి చూడండి. దేవాదాయ శాఖ ఇన్‌స్పెక్టర్, ఈవో, ధర్మకర్తలు, బ్యాంకు సిబ్బంది ఎదుటే సీలు తీస్తారు. మేడారం హుండీలనైతే హన్మకొండలోని టీటీడీ కల్యాణ మండపానికి తెచ్చి తెరుస్తారు. నోట్లతో పాటు ఒడిబియ్యం, పసుపు, కుంకుమ కూడా కుప్పగా పడతాయి. తడిసి అతుక్కుపోయిన నోట్లను ఒక్కొక్కటిగా విడదీసి, ఆరబెట్టి, ఆ తర్వాతే కట్టలు కడతారు. ఆ సొమ్ము రాష్ట్ర ఖజానాలో కాదు, ఆలయం పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడుతుంది. మేడారం ఆదాయంలో మూడో వంతు పూజారులకు ఇస్తారు.

మరి సర్కారు తీసుకునేదేమీ లేదా? ఉంది. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆదాయం బాగా ఉన్న గుళ్లు ఒక వాటాను శాఖ నిర్వహణ నిధికి, మరో వాటాను సర్వశ్రేయోనిధికి కట్టాలి. ఈ రెండో నిధి నుంచే ఆదాయం లేని గుళ్ల జీర్ణోద్ధరణకు సాయం అందుతుంది. పూజ ఎలా చేయాలో ప్రభుత్వం చెప్పకూడదని, ఆస్తుల నిర్వహణను మాత్రం చట్టం ద్వారా క్రమబద్ధం చేయొచ్చని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో తేల్చింది. ఇప్పటికీ అదే పునాది.

అయితే భక్తుల కోపం ఉత్తిదని నేను అనను. మాన్యాలు కబ్జా అయిన గుళ్లున్నాయి. ఒకే ఈవో చేతిలో నాలుగైదు గుళ్లుంటాయి. ఆడిట్ అభ్యంతరాలు ఏళ్ల తరబడి జవాబు లేకుండా పడి ఉంటాయి. వాటా వసూలు చేసే శాఖ గుడి భూమిని కాపాడలేకపోతే ఆ వాటా ఎందుకని నిలదీయడం న్యాయమే.

అపోహ: "సెక్యులర్ దేశంలో సర్కారు మతం మీద రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు."

మన రాజ్యాంగంలో ఆ మాట ఎక్కడా లేదు. ఒక మతాన్ని పెంచి పోషించడానికే ప్రత్యేకించిన పన్నును ఎవరి చేతా బలవంతంగా కట్టించకూడదని 27వ అధికరణం అంటుంది. అంతే తప్ప ప్రభుత్వ ఖర్చు మతం ఛాయలకే పోకూడదని కాదు. అదే రాజ్యాంగంలోని 290ఏ అధికరణం కేరళ ప్రభుత్వం తిరువాన్కూరు దేవస్వం నిధికి (ఆలయాల నిర్వహణ నిధి) ఏటా 46.5 లక్షలు, తమిళనాడు ప్రభుత్వం అక్కడి దేవస్వం నిధికి 13.5 లక్షలు ఇవ్వాలని నిర్దేశించింది. హజ్ సబ్సిడీ మీద కేసు పడినప్పుడు, వసూలైన పన్నులో గణనీయమైన భాగాన్ని ఒక మతానికే వాడితేనే 27వ అధికరణాన్ని ఉల్లంఘించినట్టని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సబ్సిడీని పదేళ్లలో ఎత్తేయమని 2012లో అదే కోర్టు ఆదేశించింది. 2018లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఇంకా ఇస్తున్నారంటూ మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి.

చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలన్న మాట అమెరికాది. 1802లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాశాడు. అక్కడ కూడా ఆ గోడకు తలుపులున్నాయి. క్యాథలిక్ బడి పిల్లల బస్సు చార్జీలను ప్రభుత్వం తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వొచ్చని 1947లోనే వాళ్ల సుప్రీంకోర్టు ఒప్పుకుంది. జర్మనీలోనైతే చర్చి పన్నును సర్కారే వసూలు చేసి పెడుతుంది.

అపోహ: "మేడారానికి కోట్లు ఇవ్వడమంటే ఒక మతానికి దోచిపెట్టడమే."

2022 జాతరకు రాష్ట్రం 75 కోట్లు కేటాయించింది. ఇలాంటి కేటాయింపు శాఖల వారీగా విడిపోతుంది. రోడ్లు, తాగునీళ్లు, మరుగుదొడ్లు, జంపన్న వాగు దగ్గర స్నానఘట్టాలు, కరెంటు, వైద్య శిబిరాలు, పోలీసు బందోబస్తు. లక్షల మంది ఒకేచోటికి వస్తున్నప్పుడు, వాళ్లు దేవతకు మొక్కడానికి వచ్చారా, ఇంకోదానికి వచ్చారా అని చూసి నీళ్ల పంపులు వేయరు. కాజీపేట దర్గా ఉర్సుకైనా ఇదే లెక్క వర్తించాలి. సమ్మక్కను చిలకలగుట్ట దిగించే పూజలు కోయ వడ్డెలవే, అంటే ఆదివాసీ పూజారులవే. ఏ అధికారికీ అందులో చేయి పెట్టే పని లేదు.

ఒక్క విషయం మాత్రం సౌకర్యాల పద్దులోకి రాదు. అమ్మవారు గుట్ట దిగుతుంటే జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. అది రాజ్య లాంఛనం. ఎన్నో తరాలు పట్టించుకోని ఆదివాసీల దేవతకు ప్రభుత్వం చేస్తున్న గౌరవంగానే దాన్ని చూస్తాను, తప్పుపట్టను. కాదనేవాళ్లతో కూర్చుని మాట్లాడటానికి సిద్ధమే.

వేయిస్తంభాల గుడికీ రామప్పకూ పురావస్తు శాఖ పెట్టే ఖర్చు సంగతి వేరు. అది 1958 చట్టం కింద రక్షిత కట్టడాల మీద పెట్టే ఖర్చు. పాత మసీదైనా, సమాధైనా అదే చట్టం.

అపోహ: "సర్కారు పట్టు అంతా గుళ్ల మీదే, మిగతా వాళ్లను అడిగేవాడే లేడు."

ఇది సగం నిజం. వక్ఫ్ ఆస్తులకు (ముస్లింలు ధర్మానికి రాసిచ్చినవి) 1995 చట్టం ఉంది, బోర్డు ఉంది, ప్రభుత్వం నియమించే సీఈవో ఉన్నాడు. ఆ ఆస్తులను చూసుకునే ముతవల్లీలు నికర ఆదాయంలో 7 శాతం దాకా బోర్డుకు కట్టాలని ఉండేది, 2025 సవరణతో ఆ పరిమితి 5 శాతానికి తగ్గింది. చర్చిలకు మాత్రం ఇలాంటి చట్టం లేదు. అవి సొసైటీలుగా, ట్రస్టులుగా నడుస్తాయి. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాల్సిందే. గుళ్లకు కూడా భక్తులే నడిపే స్వతంత్ర వ్యవస్థ కావాలని అడగడంలో తప్పేం లేదు. కాకపోతే మిగతా వాళ్లకు లెక్కే లేదని చెప్పి అడగకండి.

అపోహ: "అయ్యగార్లనూ ఇమాములనూ సర్కారు కూర్చోబెట్టి మేపుతోంది."

ఈ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆదాయం లేని పల్లె గుళ్ల కోసం ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం ధూప దీప నైవేద్యం. తెలంగాణలో 2023లో నెలకు 6,000 ఉన్న సాయాన్ని 10,000 చేశారు. అందులోనే దీపానికి నూనె, కర్పూరం, అగరబత్తీలు, పూలు, నైవేద్యానికి బియ్యం, బెల్లం కొనాలి. మిగిలినదే అర్చకునికి. ఇమాములకూ, నమాజుకు పిలుపునిచ్చే మౌజన్లకూ వక్ఫ్ బోర్డు ద్వారా నెలకు 5,000 గౌరవ వేతనం 2018 నుంచి ఉంది. ఐదు పూటలా మసీదులో ఉండాల్సిన మనిషికి అది.

కాగితం మీది అంకె ఒకటి, చేతికందడం ఇంకొకటి. బిల్లు ట్రెజరీలో ఆగితే అర్చకుడు కిరాణా కొట్టులో ఖాతా పెడతాడు. ఇమాం పిల్లల ఫీజు కోసం అప్పు చేస్తాడు. వీళ్లిద్దరి పాస్‌బుక్కులూ పక్కపక్కన పెడితే జమ పడిన నెలల మధ్య ఒకే తీరు ఖాళీలు కనిపిస్తాయి. ఈ సాయం ఉండాలా వద్దా అన్నది చర్చించుకోవచ్చు. ఇస్తామని జీవో ఇచ్చాక మాత్రం ప్రతి నెలా మొదటి వారంలోనే అందాలి. ఏ గుడికి, ఏ మసీదుకు ఏ నెల వరకు చెల్లించారో మండలాల వారీగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. జాతర ముగిశాక ఏ శాఖ ఎంత ఖర్చు పెట్టిందో కూడా అక్కడే పెట్టాలి.