అపోహలు – వాస్తవాలు: బరువైన లెన్సుకు ఎలాంటి ట్రైపాడ్ కావాలి?

విజయవాడలో కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చే నాకు ప్రతి చలికాలంలోనూ ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. శనివారం పక్షుల ఫొటోల కోసం దూరాన్ని దగ్గరగా చూపే 600 మి.మీ. లెన్సు తీసుకుని ఉప్పలపాడుకో, కొల్లేరుకో, నేలపట్టుకో వెళ్ళినవారు సోమవారం దాన్ని తిరిగి ఇస్తూ, "లెన్సులో ఏదో తేడా ఉందండీ, ఒక్క ఫొటో కూడా షార్ప్‌గా రాలేదు" అంటారు. నేను ఆ లెన్సును నా ట్రైపాడ్ (మూడు కాళ్ళ స్టాండు) మీద బిగించి, వీధి చివరి దుకాణం బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరును తీసి చూపిస్తాను. అంకెలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు వారి ట్రైపాడ్ సంగతి అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే.

అపోహ: పెట్టె మీద 12 కిలోలు మోస్తుందని రాసి ఉంది, నా కెమెరా, లెన్సు కలిపి 5 కిలోలే, కనుక ఈ ట్రైపాడ్ సరిపోతుంది.

మా రంగంలో జనం చేత అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టించే నమ్మకం ఇదే. ఆ అంకెను తేల్చడానికి తయారీదారులందరూ పాటించే ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు. ఎవరి పరీక్ష వారిది, ఎవరి లెక్క వారిది. పైగా కాళ్ళు జారకుండా, విరగకుండా ఎంత బరువు నిలుస్తుందో అది చెబుతుందేమో గాని, గాలి వీచినప్పుడు లెన్సు ఎంత అదురుతుందో, ఆ అదురు ఎంతసేపటికి అణుగుతుందో చెప్పదు. నులక మంచం నలుగురిని మోస్తుంది, కానీ పక్కవాడు కదులుతుండగా దాని మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించడం ఎవరికీ సాధ్యం కాదు.

ఫొటో పాడవడానికి ఎంత అదురు చాలునో ఒకసారి లెక్క వేయండి. 45 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాకు 600 మి.మీ. లెన్సు తగిలిస్తే, వంద మీటర్ల దూరంలోని గూడబాతు మీద ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని ఒక్కో చుక్క) వాటాకు వచ్చేది ముప్పావు మిల్లీమీటరు మాత్రమే. లెన్సును ట్రైపాడ్‌కు బిగించే 10 సెంటీమీటర్ల ప్లేటు ఒక చివర 10 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో చిన్న వంతు, పైకి లేచినా బొమ్మ పదమూడు పిక్సెళ్ళకు పైగా జరుగుతుంది. ఆ కదలికను కంటితో పట్టుకోలేము కనుకనే నేరమంతా లెన్సు మీద పడుతుంది.

తెనాలికి చెందిన ఒక రిటైర్డ్ లెక్చరరు గారి విషయంలో జరిగింది అదే. పదవీ విరమణ డబ్బుతో కొనుక్కున్న లెన్సును ఆయన రెండుసార్లు సర్వీసుకు పంపారు, రెండుసార్లూ బాగానే ఉందని తిరిగి వచ్చింది, చివరకు విసిగి నష్టానికి అమ్మేశారు. కొన్నది నేనే. కారణం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఏడాది తరువాత మరో కొత్త లెన్సుతో, అదే దిగులుతో వచ్చినప్పుడు మాత్రమే ఆయన వాడే ట్రైపాడ్‌ను చూశాను: ఒకదానిలోకి ఒకటి దూరే ఐదు మడతల కాళ్ళు, వాటిలో చిటికెన వేలంత సన్నటి చివరి మడత, నిలువునా పైకి లాగిన సెంటర్ కాలమ్ (మధ్య కడ్డీ). "మాష్టారూ, తేడా లెన్సులో లేదండీ" అని చెప్పడానికి నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే ఆయన అమ్మిన లెన్సు అప్పటికే నా అలమరలో అన్నిటికన్నా ఎక్కువ అద్దె తెచ్చేదిగా ఉంది.

కొనేటప్పుడు కిలోల అంకెను వదిలి కాలి గొట్టం వ్యాసాన్ని చూడండి. గోడ మందం ఒకటే అయితే 32 మి.మీ. గొట్టం 25 మి.మీ. గొట్టం కన్నా వంగకుండా నిలవడంలో దాదాపు రెట్టింపు గట్టిది. మడతలు మూడో నాలుగో ఉంటే చాలు, ఎందుకంటే మడత పెరిగిన కొద్దీ అడుగు గొట్టం సన్నబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా మీ లెన్సును వెంట తీసుకెళ్ళి, దుకాణంలోనే బిగించి, లైవ్ వ్యూను (కెమెరా తెర మీది బొమ్మను) 10 రెట్లు పెద్దది చేసి, లెన్సు ముందుండే హుడ్ చివర వేలితో మెల్లగా తట్టండి. తెర మీద బొమ్మ ఒక సెకనులోపు కుదురుకుంటే మంచిది. మూడు నాలుగు సెకన్లు ఊగుతూనే ఉంటే పెట్టె మీద ఎన్ని కిలోలు రాసి ఉన్నా వదిలేయండి.

అపోహ: కాళ్ళు గట్టివైతే ఏ హెడ్ (కాళ్ళ పైన లెన్సును పట్టుకునే భాగం) అయినా ఫరవాలేదు. ఫరవా ఉంది. గుండు మీద ఎటైనా తిరిగే బాల్ హెడ్ మీద 3 కిలోల లెన్సు పెట్టి నాబ్ వదులు చేస్తే అది ముందుకు పడుతుంది, ఒక్కోసారి ట్రైపాడ్‌ను కూడా వెంట లాక్కుపోతుంది. ఎగిరే పక్షుల కోసమైతే బరువును సమతూకంలో నిలిపే గింబల్ హెడ్ తీసుకోండి. దాన్ని కెమెరా అడుగుకు కాక లెన్స్ కాలర్‌కు (లెన్సు చుట్టూ ఉండే పట్టీకి) బిగించాలని వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: కాళ్ళు కార్బన్ ఫైబర్‌వి అయితేనే ట్రైపాడ్ పనికొస్తుంది. గొట్టం లావు ఒకటే అయితే కార్బన్ తేలిక, అదురు కూడా త్వరగా అణుస్తుంది, నిజమే; అయినా సన్నటి కార్బన్ కన్నా లావుపాటి అల్యూమినియం మేలు. పులికాట్ ఉప్పునీటిలో దించితే మాత్రం ఇంటికి రాగానే మంచినీటితో కడగండి, లేకపోతే అల్యూమినియం పొక్కులు తేలుతుంది.

అపోహ: కింద బ్యాగు వేలాడదీస్తే ఏ ట్రైపాడ్ అయినా కుదురుకుంటుంది. గాలిలో ఊగే బ్యాగు లోలకంలా ట్రైపాడ్‌నే ఊపుతుంది. వేలాడదీసినా దాని అడుగు నేలకు ఆనేలా చూసుకోవాలి.

ఇంత ఖర్చు పెట్టలేమని వెనకాడేవారికి నేను సన్న ట్రైపాడ్ అమ్మను, సంచి కుట్టించుకోమంటాను. నేనే మొదటి మూడేళ్ళూ పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి కుట్టించిన సంచిలో మూడు కిలోల జొన్నలు పోసి, దాన్ని కారు కిటికీ మీద పరచి, దాని మీద లెన్సు ఆనించి ఫొటోలు తీశాను. ఒకసారి వానలో తడిసిన ఆ సంచిని డిక్కీలో మరిచిపోతే వారానికల్లా జొన్నలు మొలకెత్తాయి. అప్పటి నుంచి లోపల ప్లాస్టిక్ కవరు వేసుకుంటున్నాను.