సిగ్నల్ లేని ఊళ్లో సేవ్ నొక్కితే

నెట్ బాగుంటే ఏ యాప్ అయినా పనిచేస్తుంది. అస్సలు లేకపోయినా ఒకందుకు నయమే, లేదన్న సంగతి ఫోన్‌కి వెంటనే తెలిసిపోతుంది. ఏడిపించేది ఈ రెండింటికీ మధ్య పరిస్థితి: పైన ఒక గీత సిగ్నల్ కనిపిస్తూనే ఉంటుంది, పేజీ మాత్రం రాదు, చక్రం అలా తిరుగుతూ ఉంటుంది. పాడేరు ఏజెన్సీలో కొండల మధ్య ఫోన్ పట్టుకుని పనిచేసేవాళ్లకి ఇది కొత్త కాదు.

అక్కడ ఒక అంగన్‌వాడీ టీచర్ పిల్లాడిని తూకం వేసి, 11.4 కిలోలు అని యాప్‌లో ఎక్కించి సేవ్ నొక్కారనుకుందాం. ఆ అంకె సర్వర్‌కి, అంటే దూరంగా ఉండి అందరి సమాచారం దాచే కంప్యూటర్‌కి చేరాలి, అందిందని జవాబు రావాలి. మధ్యలో నెట్ తెగింది. వెళ్తున్నప్పుడు తెగిందా, జవాబు వస్తున్నప్పుడు తెగిందా? ఫోన్‌కి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మళ్లీ పంపితే రెండుసార్లు నమోదవుతుందేమో, పంపకపోతే అసలు నమోదే కాదేమో.

చూసే సమాచారం వరకు ఇంత చిక్కు లేదు. ఒకసారి వచ్చిన జవాబుని ఫోన్ దాచుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. సర్వర్ ప్రతి జవాబుకీ ఈట్యాగ్ అనే గుర్తు తగిలిస్తే, తర్వాత ఫోన్ ఆ గుర్తు చూపించి "ఇది మారిందా?" అని అడుగుతుంది; మారకపోతే 304 అన్న చిన్న జవాబు వస్తుంది, సమాచారమంతా మళ్లీ దించుకోనక్కర్లేదు. సర్వర్ దొరకనప్పుడు పాత కాపీనే ఇంతసేపటి వరకు చూపించవచ్చని ముందే చెప్పే పద్ధతి కూడా 2010లో వచ్చింది.

ఇన్ని ఉన్నా చాలా యాప్‌లు వీటిని వాడుకోలేవు, ఎందుకంటే అవి పిల్లల జాబితా అడగడానికీ, కొత్త బరువు రాయడానికీ కూడా పోస్ట్ అనే ఒకే రకం అభ్యర్థన పంపుతాయి. పోస్ట్ అంటే సర్వర్‌లో ఏదైనా మారవచ్చు కాబట్టి మామూలు క్యాష్ దాని జోలికి పోదు. పైగా బరువు చేర్చగానే ఆ పిల్లాడి పాత గ్రాఫ్ పనికిరాదని క్యాష్‌కి ఎలా తెలుస్తుంది? సర్వర్‌లో నడిచే ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లే చెప్పాలి.

నెట్ తెగినా పని ఆగకుండా చూడడం మీద స్మార్ట్‌ఫోన్లు రాకముందే గట్టి పని జరిగింది. జేమ్స్ కిస్లర్, మద్రాస్ ఐఐటీలో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ కలిసి 1991లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి కోడా అనే ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను దాచి, అడిగినప్పుడు అందించే వ్యవస్థ) గురించి పరిశోధన పత్రం వెలువరించారు. నెట్‌వర్క్ ఉన్నప్పుడే కావలసిన ఫైళ్లను ముందుగా తెచ్చి పెట్టుకోవడం, తెగాక చేసిన మార్పులన్నీ చిట్టాలో రాసుకోవడం, కలిశాక ఆ చిట్టాని సర్వర్‌లో వరసగా అమలు చేయడం, అదీ కోడా పద్ధతి. నా దృష్టిలో ఇప్పటికీ ఇంతకన్నా మంచి దారి లేదు. టీచర్ మండల కేంద్రంలో మీటింగ్‌కి వచ్చినప్పుడే తన అంగన్‌వాడీ పిల్లల జాబితా మొత్తం ఫోన్లోకి దిగిపోవాలి, గుట్ట మీదికి వెళ్లాక అడగడం కాదు.

ఇక ఆ 11.4 సంగతి. సేవ్ నొక్కిన క్షణంలోనే ఫోన్ ఆ నమోదుకి ఇంకెక్కడా రాని ఒక పొడవాటి నంబర్ ఇవ్వాలి. అదే నంబర్‌తో ఎన్నిసార్లు పంపినా, ముందే అందిందని సర్వర్ గుర్తుపట్టి పాత జవాబునే తిరిగి ఇస్తుంది. అప్పుడు మళ్లీ పంపడానికి టెన్షన్ ఉండదు. కొత్తగా చేర్చిన పిల్లాడైతే వాడి పేరు ముందు వెళ్లాలి, బరువు తర్వాత. వరస తప్పితే సర్వర్ ఈ బరువు ఎవరిదని తిప్పి పంపేస్తుంది. ఆఫీసులో సూపర్‌వైజర్ కూడా అదే పిల్లాడి వివరాలు మార్చి ఉంటే? బరువులైతే ఏ తేదీది ఆ తేదీకే ఉంటుంది, గొడవ లేదు. తల్లి ఫోన్ నంబర్ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే మాత్రం యాప్ సొంతంగా ఒకటి చెరిపేయకూడదు, మనిషిని అడగాలి.

నాకు కోపం తెప్పించే తప్పు ఒకటుంది. పంపని నమోదుల్ని క్యాష్ ఫోల్డర్‌లో పెట్టడం. ఫోన్ నిండిపోతే ఆండ్రాయిడ్ ఆ ఫోల్డర్‌ని తనంతట తనే ఖాళీ చేయవచ్చు, ఫోన్ స్లో అయిందని ఇంట్లో పిల్లలెవరో క్లియర్ క్యాష్ నొక్కినా అంతే. క్యాష్‌లో ఉండాల్సింది మళ్లీ తెచ్చుకోగలిగే కాపీలే. ఆ 11.4 ఇంకెక్కడా లేదు, కాబట్టి అది యాప్ సొంత డేటాబేస్‌లో ఉండాలి, దాని పక్కన "ఫోన్లో ఉంది, ఇంకా పంపలేదు" అని తెలుగులో కనిపించాలి, సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా "అందింది" అన్న మాట రాకూడదు.