పెట్రోల్‌లోకి ఇథనాల్ ఎలా వచ్చింది: బొగ్గు బస్సుల నుంచి ఈ20 దాకా

పాత బండి ఉన్న ఎవరిని కదిలించినా ఇప్పుడు ఒకటే మాట, మైలేజీ పడిపోయిందని. బంకులో బోర్డు మీద పెట్రోల్ అనే ఉంటుంది, కానీ అందులో అయిదో వంతు ఇథనాల్. చెరకు, మొక్కజొన్న, బియ్యం, నూకలు పులియబెట్టి తీసిన ఆల్కహాల్ అది. దీన్నే ఈ20 అంటున్నారు. ఇది వద్దు, మామూలు పెట్రోల్ పోయండి అని అడగడానికి లేదు, ఎందుకంటే చాలా బంకుల్లో దానికి వేరే గొట్టమే లేదు. ఇంత పెద్ద మార్పు వాడేవాడిని ఒక్క మాటైనా అడక్కుండా ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

పెట్రోల్ కరువు మనకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కు రేషన్ పెడితే మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక ఒక పెద్ద డ్రమ్ము, అందులో కట్టె బొగ్గు రాజేసి, చేత్తో చక్రం తిప్పి గాలి కొట్టేవాళ్లు. అందులో పుట్టిన గ్యాస్ ఇంజన్‌కు అందేదాకా ప్రయాణికులు కాసుకుని కూర్చోవాల్సిందే, ఎత్తు వస్తే దిగి తోయాల్సిందే. యుద్ధం అయిపోయి పెట్రోల్ దొరకగానే ఆ డ్రమ్ములు పాత ఇనుము కొట్టుకు చేరాయి. అంతకు ముందే, 1920 ప్రాంతంలో, హైదరాబాద్ సంస్థానంలో రాలే ఇప్పపూల నుంచి మోటారు స్పిరిట్, అంటే బండి నడిపే ఆల్కహాల్, తీయొచ్చని నిపుణులు లెక్కలు వేసి రాశారు కూడా. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, పెట్రోల్‌లో ఆల్కహాల్ కలపడానికి ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. అది యాభై ఏళ్లకు పైగా పుస్తకాల్లో ఉండి, 2000లో రద్దయింది. విచిత్రం ఏంటంటే, రద్దయిన మూడేళ్లకే మళ్లీ అదే పని మొదలైంది.

ఈ మధ్యలో అసలు కథ నడిచింది బ్రెజిల్‌లో, అది తెలియకుండా మన ఈ20 అర్థం కాదు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి బ్యారెల్ ధర మూడు డాలర్ల నుంచి నాలుగు రెట్లకు ఎగబాకింది. బ్రెజిల్ అప్పట్లో తన చమురులో ఎక్కువ భాగం బయట కొనుక్కునే దేశం, పైగా చక్కెర ధర పడిపోయి మిల్లులు గోల పెడుతున్నాయి. 1975 నవంబర్‌లో అక్కడి సైనిక ప్రభుత్వం చెరకు ఆల్కహాల్‌ను పెట్రోల్‌కు బదులు వాడేలా ప్రోఆల్కూల్ అనే పథకం పెట్టింది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు. 1979లో పూర్తిగా ఆల్కహాల్‌తో నడిచే ఫియట్ 147 వచ్చింది. ఎనభైల మధ్యకు వచ్చేసరికి అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో పదింట తొమ్మిది ఆల్కహాల్ కార్లే. ఆ తర్వాత 1986లో చమురు ధర కూలింది, కొన్నాళ్లకు చక్కెర ధర పెరిగింది, మిల్లులు ఆల్కహాల్ మానేసి చక్కెర వైపు తిరిగాయి. 1989 నాటికి ఆల్కహాల్ కొరత, బంకుల ముందు క్యూలు, కారు ఇంటి ముందు పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చున్న జనం. ప్రభుత్వాన్ని నమ్మి కారు కొన్నవాడు నడిరోడ్డు మీద మిగిలాడు, ఆల్కహాల్ కారంటేనే ఆ తర్వాత పదేళ్లు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

మళ్లీ నమ్మకం కుదిరింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ ఫ్లెక్స్ కారుతో. పెట్రోల్ పోసినా, ఆల్కహాల్ పోసినా, రెండూ కలిపి పోసినా నడిచే ఇంజన్ అది. బంకులో రెండూ దొరుకుతాయి, రెండింటి ధరా బోర్డు మీద ఉంటుంది. ఆల్కహాల్‌లో శక్తి లీటరుకు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి దాని ధర పెట్రోల్ ధరలో 70 శాతం లోపు ఉంటేనే లాభం అని అక్కడి డ్రైవర్లు నోటి లెక్క వేసుకుంటారు, లేకపోతే పక్క గొట్టం పట్టుకుంటారు. నా దృష్టిలో ఇథనాల్ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

మన దగ్గర 2003 జనవరిలో అయిదు శాతం కలపడం మొదలైంది, తొమ్మిది రాష్ట్రాల్లో. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏడాది తిరిగేలోపే కరువొచ్చి చెరకు ఎండింది, పథకం మూలపడింది, 2006లో మళ్లీ లేచింది. డీజిల్ వైపు ఇంకో కల, అడవి ఆముదం నుంచి బయోడీజిల్. బీడు భూముల్లో వేస్తే చాలు, నూనె దానంతటదే వస్తుందని ఊదరగొట్టారు. నీళ్లు, ఎరువు లేని నేలలో ఏ మొక్కయినా ఎంత కాస్తుంది? రైతులు పీకేశారు. మన ప్రాంతంలో కానుగ మీద జరిగిన పని మాత్రం గుర్తు పెట్టుకోదగ్గది. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ అనే ఆదివాసీ పల్లెలో మహిళా సంఘం కానుగ గింజలు ఆడించి నూనె తీసింది, డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకుంది. అలాంటి చిన్న ప్రయత్నాలను పెంచి పెద్ద చేసినవాళ్లు లేరు. ఢిల్లీలో సుప్రీంకోర్టు 1998 ఆదేశంతో బస్సులు సీఎన్‌జీకి మారడం వేరే కథ, అక్కడ గొడవ ధర గురించి కాదు, పొగ గురించి.

2013-14లో కూడా మన పెట్రోల్‌లో ఇథనాల్ ఒకటిన్నర శాతమే. తర్వాత ప్రభుత్వమే ధర కట్టి కొనడం మొదలెట్టింది, 2018 విధానంలో చెరకు రసాన్నీ ధాన్యాన్నీ అనుమతించింది, 2030 నాటికి ఇరవై శాతం అన్న లక్ష్యాన్ని 2025కు లాగింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ వంద దాటింది, దిగుమతి బిల్లు చూపించి ఎవరినైనా ఒప్పించగలిగే సమయం అది. 2022 జూన్‌కు పది శాతం, 2025కు ఇరవై. 2014-15 నుంచి 1.4 లక్షల కోట్లకు పైగా విదేశీ మారకం మిగిలిందని ప్రభుత్వం చెబుతోంది, ఆ లాభాన్ని నేను తీసిపారేయను. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కదా.

కానీ ఇంధనాన్ని పొలానికి కట్టేస్తే వాన పడకపోతే బంకుకూ సెగ తగులుతుంది. 2023లో చెరకు దెబ్బతింటుందనగానే డిసెంబర్‌లో చెరకు రసం వాడకం మీద ఆంక్షలు పెట్టారు, అంతకు ముందు జూలైలో ప్రభుత్వ గోదాముల సంస్థ ఎఫ్‌సీఐ నుంచి ఇథనాల్‌కు ఇచ్చే బియ్యం ఆపేశారు, బరువంతా మొక్కజొన్న మీద పడింది. మొక్కజొన్న అంటే మన కోళ్ల ఫారాల దాణా. 2024లో కోళ్ల రైతులు సుంకం లేకుండా దిగుమతి చేసుకోనివ్వమని మొత్తుకున్నారు, ఎగుమతి చేసే దేశం కాస్తా కొనుక్కునే దేశమైంది. ఫ్యాక్టరీలు వచ్చే ఊళ్ల బాధ ఇంకొకటి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్దధన్వాడలో జనం రోడ్డెక్కింది తమ నీళ్లూ గాలీ పాడవుతాయనే. దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో హైవే మీద బైఠాయిస్తే గానీ పనులు ఆగలేదు.

ఇక జేబు సంగతి. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, ఈ10కు (పది శాతం ఇథనాల్‌కు) సర్దుకున్న కార్లకు ఈ20తో మైలేజీ 6 నుంచి 7 శాతం, అలాంటి బైకులకు 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే నాలుగు లీటర్ల పైచిలుకు అదనంగా తాగుతుంది, అంటే నాలుగొందలకు పైనే. ఆ నష్టానికి సరిపడా ఈ20 ధర తగ్గించాలని కూడా అదే నివేదిక సూచించింది. తగ్గలేదు. ఎందుకంటే 2020-21లో పెట్రోల్ కంటే చవకగా ఉన్న ఇథనాల్ 2025 జూలై నాటికి సగటున లీటరు రూ.71.32కు చేరి, పన్నులు వేయని పెట్రోల్‌ను దాటిపోయిందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది.

పాత బళ్ల కోసం ఈ10 అమ్మకం కొనసాగించాలని నీతి ఆయోగ్ అప్పుడే రాసిపెట్టింది. బంకులో రెండో గొట్టం పెట్టడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. ప్రీమియం పెట్రోల్ అమ్మడానికి చాలా చోట్ల వేరే గొట్టం ఇప్పటికే ఉంది.