పరీక్ష గంట కొట్టకముందే తేలాల్సిన తగాదా

చిరంజీవులకు ఆశీస్సులు.

డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరిన మీలో కొందరికి చూపు తక్కువ, కొందరికి వినికిడి తక్కువ, కొందరికి చేతి వేళ్లు సహకరించక రాత కష్టం. చదువు సాగడానికి మీకు కావలసిన సదుపాయాన్ని కాలేజీ ఇవ్వనంటే ఏం చేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇలాంటి తగాదా పరీక్షకు ముందే తేలాలి. 2021లో నీట్ రాసిన ఒక అమ్మాయికి డిస్‌గ్రాఫియా, అంటే చేతిరాత కష్టమయ్యే వైకల్యం, ఉంది. ఆమెకు గంట అదనపు సమయం రావాలి. పరీక్షా కేంద్రంలో ఇవ్వలేదు. ఆమెకు అన్యాయం జరిగిందని ఆ నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది, దాన్ని సరిదిద్దే దారి చూడమని పరీక్ష నిర్వహించిన సంస్థకు చెప్పింది. మళ్లీ పరీక్ష పెట్టమని మాత్రం ఆదేశించలేదు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే మీ పక్షాన నిలబడినా, హాల్లో పోయిన సమయం తిరిగి రావడం అంత కష్టం. కనుక కాలేజీలో చేరిన మొదటి నెలలోనే అడగండి.

అడగడం మీ హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అవసరమైన మార్పులు చేసి పెట్టడాన్ని రీజనబుల్ అకామడేషన్ అంటుంది. దాన్ని నిరాకరించడాన్ని వివక్ష కిందే లెక్కవేస్తుంది. ఆ సందర్భంలో అది తమకు మోయలేని భారమని చూపగలిగితేనే కాలేజీ కాదనగలదు. "ఇంతకుముందు ఎవరూ అడగలేదు", "మిగతా పిల్లలు ఒప్పుకోరు" అనే మాటలకు చట్టంలో చోటు లేదు. "నీ వైకల్యం నలభై శాతం లేదు కదా, స్క్రైబ్ రాడు" అనే మాట కూడా తరచూ వింటారు. స్క్రైబ్ అంటే మీరు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి. రిజర్వేషన్‌కు నలభై శాతం కావాలి, నిజమే. స్క్రైబ్ విషయంలో ఆ గీత గీయకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును అనుసరించి కేంద్రం 2022 ఆగస్టులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. రాయడంలో మీకున్న ఇబ్బందిని ప్రభుత్వ వైద్యాధికారులు నిర్ణీత నమూనాలో ధ్రువీకరించాలి. ఆ కాగితానికి ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వస్తుంది కాబట్టి, పరీక్ష ఫీజు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి.

ఇక దరఖాస్తు. చాలా తగాదాలు ఇక్కడే చెడిపోతాయి. "నా పరిస్థితిని గమనించి తగిన సహాయం చేయగలరు" అని రాస్తే ప్రిన్సిపాల్ "పరిశీలించవలెను" అని రాసి పక్కన పెడతారు. ఇబ్బంది ఏమిటి, దాని వల్ల ఏ పని ఆగుతోంది, ఏం చేస్తే సాగుతుంది అన్న మూడూ వరుసగా రాయండి. "నాకు రెండు చెవులూ సరిగా వినిపించవు. మేడమ్ బోర్డు వైపు తిరిగి చెప్పినప్పుడు పెదవులు కనబడక పాఠం అందడం లేదు. ముందు బెంచీ, క్లాసుకు ముందురోజు స్లైడ్లు, వైవా ప్రశ్నలు రాతలో ఇప్పించండి." ఇలా రాస్తే ఒక్కో దానికీ అవుననో కాదనో చెప్పక తప్పదు.

పరీక్ష సమయమైతే లెక్క వేసి మరీ అడగండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకు గంట, రెండు గంటలకు 40 నిమిషాలు, గంటన్నర మిడ్‌కు అరగంట. "సెమిస్టర్ పరీక్షలకు, మిడ్‌లకు, ల్యాబ్ పరీక్షలకు" అని విడివిడిగా రాయించుకోండి. లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు ఇచ్చి, మిడ్‌లో మాత్రం అందరితోపాటు పేపరు లాగేసుకుంటారు. స్క్రైబ్ ఏం చదివి ఉండాలన్న నిబంధన మారుతూ ఉంటుంది. మీ యూనివర్సిటీ తాజా సర్క్యులర్ చూసుకున్నాకే మనిషిని మాట్లాడుకోండి.

భవనాల సంగతిలో రెండు కోరికలు కలిపి రాయండి. లిఫ్ట్ కావాలని ఒక్కటే అడిగితే నిధులు, టెండర్లు అంటూ మీ డిగ్రీ పూర్తయిపోతుంది. "లిఫ్ట్ వచ్చేదాకా మా సెక్షన్ క్లాసులు గ్రౌండ్ ఫ్లోరుకు మార్చండి" అన్నది టైంటేబుల్ మార్పు మాత్రమే. దాన్ని మోయలేని భారం అనడం ఎవరికైనా కష్టం.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) నకళ్లు జతచేసి, రెండు ప్రతులు తీసుకెళ్లి తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఒక ప్రతి ఎగ్జామినేషన్ బ్రాంచికి కూడా పంపండి. హెచ్‌వోడీ నోటిమాటగా "చూసుకుందాంలే అమ్మా" అంటే, ఆ సాయంత్రమే ఆయనకు "ఈరోజు మీరు ఇలా చెప్పారు" అని మెయిల్ పెట్టండి. ఆయన మనసు మంచిదే కావచ్చు. కానీ పరీక్షరోజు హాల్లో ఉండే ఇన్విజిలేటర్ వేరే కాలేజీ నుంచి రావచ్చు, ఆయనకు ఆ మాట తెలియదు. అనుమతి ఉత్తర్వు నకలు హాల్‌టికెట్‌తోపాటే పెట్టుకోండి. పరీక్షకు రెండు రోజుల ముందు, పరీక్షా కేంద్రం బాధ్యత చూసే చీఫ్ సూపరింటెండెంట్‌ను కలిసి చూపించండి. ఇన్విజిలేటర్‌తో వాదించి సమయం పోగొట్టుకోవద్దు, చీఫ్ సూపరింటెండెంట్‌ను పిలిపించండి.

కాదన్నారా? కారణం రాతలో అడగండి. తర్వాత విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఇది ఉండాలి, వికలాంగ విద్యార్థులపై వివక్ష దాని పరిధిలోకే వస్తుంది. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వడానికి ప్రయత్నించాలి. మీరే హాజరు కావచ్చు, మీ తరఫున ఒకరిని పంపవచ్చు. నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు వినడానికి యూనివర్సిటీ నియమించిన వ్యక్తికి, అప్పీలు చేయాలి. ఆ గడువు దాటనివ్వకండి. అక్కడ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. మార్కులు మళ్లీ దిద్దించమంటే అంబుడ్స్‌పర్సన్ మామూలుగా వినరు. ఫలితాన్ని మార్చిన అక్రమమో, వివక్షో జరిగిందని ప్రత్యేకంగా చూపాలి. అందుకే ఫిర్యాదులో "మార్కులు తక్కువ వచ్చాయి" అని మొదలుపెట్టకండి, "ఫలానా తేదీన ఫలానా పేపరులో 60 నిమిషాలు ఇవ్వలేదు" అని మొదలుపెట్టండి.

దీనితోపాటు వికలాంగుల కమిషనర్ దారి కూడా ఉంది. ఉస్మానియా, ఆంధ్ర వంటి రాష్ట్ర యూనివర్సిటీలైతే రాష్ట్ర కమిషనర్‌కు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఎన్ఐటీ వంటి కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు రాయాలి. సాక్షులను పిలిపించడంలో, రికార్డులు తెప్పించడంలో వారికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చివరికి వారిచ్చేది సిఫార్సే. అయినా సంస్థ మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయదో కమిషనర్‌కూ మీకూ చెప్పాలి.

పరీక్ష పది రోజుల్లో ఉంటే ఈ గడువులేవీ మీకు అక్కరకు రావు. అప్పుడు హైకోర్టులో రిట్, అంటే హక్కు కాపాడమని కోరే పిటిషన్, వేయడమే మార్గం. లాయరు ఫీజుకు జంకకండి. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. మీ జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఇన్‌వార్డ్ ముద్ర ఉన్న దరఖాస్తు, వాళ్లిచ్చిన తిరస్కరణ, పరీక్ష టైంటేబుల్ మూడూ తీసుకుని వెళ్లండి. తిరస్కరణ కాగితం ఇవ్వకపోతే, జవాబు కోరుతూ మీరు పంపిన మెయిళ్ల ప్రింట్లు పట్టుకెళ్లండి.

ఇట్లు,
మీ తాతయ్య